సహార్ అని రాసిన పెట్టె

జలపతి దారాన్ని బొగ్గుపొడిలో దొర్లించి, ఒక కొస పంటితో పట్టుకుని, రెండో కొసను ఎడమ చూపుడువేలితో బట్ట మీద అదిమి, నడుమ పట్టి లాగి వదిలాడు. టప్పుమని తెల్లబట్ట మీద నల్లగీత పడింది. దాని కింద నాలుగు వేళ్ళ ఎడంతో ఇంకోటి. ఈ రెండు గీతల మధ్య మనిషి పేరు వస్తుంది. ఆ కింద ఊరు, ఆ కింద విమానమెక్కే చోటు, అన్నిటికన్నా కింద దిగే చోటు. రంగు ఎండాక బట్టముక్కతో దులిపితే గీతలు పోతాయి, అక్షరాలు మిగులుతాయి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.

పొద్దున ఏడు కాలేదు. కోరుట్ల బస్టాండుకు ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు అప్పుడే కాగడం మొదలైంది. వానలు తెచ్చే మిరుగు కార్తె రేపో ఎల్లుండో అంటున్నారు గానీ ఆకాశంలో మబ్బుతునక లేదు. జలపతికి నలభై ఆరేళ్ళు. సన్నటి మనిషి, మెడ ముందుకు వాలి ఉంటుంది. గోళ్ళ సందుల్లో ఎరుపు, నీలం ఎప్పటికీ పోవు. కిరోసిన్‌తో కడిగి కడిగి అరచేతులు పాలిపోయాయి. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా ఆ వాసనే. నెల రోజులుగా ఎడమ భుజం నుంచి మోచేతి దాకా లాగుతోంది. నిచ్చెన మీద నిలబడి బోర్డులు రాసీ రాసీ పట్టిందనుకుని ఆముదం రాసుకుంటున్నాడు.

ఇప్పుడు ముందున్నది బాలకిషన్ సూట్‌కేసు. దానికి సిరిసిల్ల తెల్లబట్టతో గలీబు కుట్టించి తెచ్చాడు. దుబాయి, మస్కట్ పోయేవాళ్ళందరూ అట్లాగే తెస్తారు. గలీబుకు ఒక వైపు రాయించుకుని, రెండో వైపు ఖాళీగా ఉంచుకుంటారు. అది తిరిగొచ్చేటప్పుడు రాసుకునేందుకు. రెండు వైపులా ఒకేసారి రాయించుకోవడం మంచిది కాదంటారు. జలపతి రాసిన సామాను, దాని వెంట మనిషీ క్షేమంగా తిరిగొస్తారని ఆ చుట్టుపక్కల ఒక నమ్మకం. రానివాళ్ళు లేరా అంటే ఉన్నారు. వాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు, అంతే. మేడిపల్లి నుంచి, మెట్‌పల్లి నుంచి కూడా సూట్‌కేసులు నెత్తిన పెట్టుకుని ఇక్కడికే వస్తారు.

మూడో వరుస దగ్గరకొచ్చి జలపతి కుంచె ఆపాడు. గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు నర్సింగం నిన్న ఒక చీటీ ఇచ్చిపోయాడు. బొంబాయి విమానాశ్రయానికి పేరు మార్చారట. ఇకనుంచి సహార్ అని రాయొద్దట. చీటీలో కొత్త పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో బారెడుంది. ఛత్రపతి శివాజీ అంతర్జాతీయ విమానాశ్రయం. జలపతికి ఇంగ్లీషు రాదు, అక్షరాల ఆకారాలే వచ్చు. సహార్ అయితే అయిదక్షరాలు, కళ్ళు మూసుకుని రాస్తాడు. ఇది గలీబు వెడల్పుకు పట్టేట్టు లేదు.

బాలకిషన్ ఒప్పుకోలేదు. నాలుగోసారి పోతున్నాడు, సాయంత్రం ఆరింటికి బొంబాయి బస్సు.

"సహారే రాయన్నా. కొత్త పేరు రాస్తే సామాను ఏడికి పోతదో ఎవలకెరుక?"

జలపతికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఇతనికేం తెలుసు పేర్ల సంగతి! తను పని మొదలుపెట్టిన కొత్తలో రేకు పెట్టెల మీద శాంతాక్రజ్ అని రాసేవాడు. నాలుగేళ్ళకు విదేశాలకు పోయే విమానాలకు వేరే కట్టడం కట్టారు, పేరు సహార్ అయింది. మొదట్లో జనం దానికీ ఇట్లాగే జంకారు. ఆ పైన బొంబాయే ముంబై అయింది. జలపతి విమానాశ్రయం ముఖం ఏనాడూ చూడలేదు. దాని పేర్లన్నీ మాత్రం అతని చేతిమీదుగానే మారాయి.

సహార్ అంటే ఏమిటని పదేళ్ళ కిందట ఇదే బాలకిషన్‌ను అడిగాడు. అక్కడి చాయ్ దుకాణపాయన చెప్పాడంటూ బాలకిషన్ తెచ్చిన జవాబు అతని మనసులో నాటుకుపోయింది. సహార్ అనేది ఒక ఊరి పేరట. వరి పండేదట. విమానాలు దిగడానికి చుట్టూ భూములు పోయాయి. కొన్ని ఇళ్ళు, ఆ పేరు మిగిలాయి. భూమి పోయినా పేరన్నా మిగిలింది కదా అని జలపతి అప్పుడు ఊరట చెందాడు. తన భూమేదో పోయినట్టు ఎందుకంత పట్టించుకున్నాడో అతనికే తెలియదు. ఇప్పుడు ఆ పేరూ తీసేశారు.

మధ్యాహ్నం వచ్చి తీసుకుపొమ్మని బాలకిషన్‌ను పంపేశాడు. మూడో వరుస ఖాళీగా వదిలి కుంచె కిరోసిన్‌లో పెట్టాడు. ఈ పొద్దు అతనికి వేరే పని ఉంది. ఆ పని తలచుకుంటే అన్నం సయించడం లేదు వారం రోజులుగా.

జలపతిది మేడిపల్లి దాటాక వచ్చే ఒక చిన్న ఊరు, సాలెవాళ్ళ ఇల్లు. పదహారేళ్ళప్పుడు స్నేహితుడు దేవదాస్‌తో కలిసి సిరిసిల్ల పోయి మరమగ్గాల్లో చేరాడు. అక్షరం గుండ్రంగా ఉందని సేటు జలపతిని బట్టల బేళ్ళ మీద అడ్రసులు రాసే పనికి మార్చాడు. దేవదాస్ మగ్గం మీదే ఉండి, కార్మికుల సంఘంలో చేరి, ఒకరోజు అడవికి పోయాడు. ఆ తర్వాత జలపతి కోరుట్ల వచ్చి షెడ్డు వేసుకున్నాడు. పన్నెండేళ్ళ పాటు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

తొమ్మిదేళ్ళ కిందట అంగడి రోజున అడవిలోంచి వచ్చిన ఇద్దరు జలపతిని పక్కకు పిలిచి, జలపతి సొంత ఊరి బడి గోడ మీద చచ్చిపోయిన తమవాళ్ళు అయిదుగురి పేర్లు రాయమన్నారు. అడిగారా, ఆజ్ఞాపించారా అంటే ఏం చెప్తాం! తుపాకి ఉన్నవాడు అడిగినా ఆజ్ఞాపించినట్టే ఉంటుంది. చీటీలో అయిదో పేరు దేవదాస్‌ది. అతను పోయిన సంగతి జలపతికి ఆ చీటీలోనే తెలిసింది. ఏడవడానికి కూడా వీలు లేకపోయింది. ఎర్ర ఎనామిల్ రంగుతో, దారం కొట్టి, కొలత తప్పకుండా రాశాడు. దేవదాస్‌లో రెండు 'ద'లకూ కింద తోక తిప్పాడు. అది అతని అలవాటు.

ఆ తోకే అతన్ని పట్టించింది. నెల తిరక్కముందే అప్పటి ఎస్సై ఒక చేత్తో గోడ ఫొటో, ఇంకో చేత్తో జలపతి రాసిన దత్తాత్రేయ కిరాణం రేకుబోర్డు పట్టుకుని రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. నాలుగు రోజులు ఠాణాలో ఉంచుకున్నారు. వదిలాక ప్రతి సోమవారం వచ్చి సంతకం పెట్టిపొమ్మన్నారు. ఎస్సైలు ఆరుగురు మారారు గానీ సోమవారం మారలేదు. పాస్‌పోర్టుకు రెండుసార్లు పెట్టుకుంటే రెండుసార్లూ ఠాణా నుంచి వ్యతిరేకంగా రాసిపంపారు. అక్షరం మార్చుకుందామని ఎడమ చేత్తో కూడా రాసి చూశాడు. తోక దానంతటదే వచ్చేది. తన చేతిని చూస్తే తనకే కోపం వచ్చేది.

ఇప్పుడు మూడోసారి పెట్టుకున్నాడు. భార్య రత్నమాల తమ్ముడు రాజం షార్జాలో ఉంటాడు. అక్కడొక బోర్డులు రాసే దుకాణంలో మనిషి కావాలట. ఈ నెలాఖరులోగా పాస్‌పోర్టు నంబరు పంపితే వీసా తీస్తానని ఉత్తరం రాశాడు. జలపతికి డబ్బు మీద అంత ఆశ లేదు. పిల్లలు లేరు. ఆ మాట ఇద్దరూ ఎత్తరు. అతనికి కావలసిందల్లా తన అక్షరం చూసి ఇది ఫలానావాడిదని ఎవరూ గుర్తుపట్టని చోటు. 

కొత్త ఎస్సై వయసులో చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడతాడు. పోయిన సోమవారం సంతకం అయ్యాక ఆగమన్నాడు.

"నీ మీద ఏం లేదని రాసి పంపుత పెయింటర్. గా బడి గోడ సాఫ్ చెయ్యి."

అంతే మాట. జీపు ఆ ఊరికి పోవడం మానేసి రెండేళ్ళయింది, దారిలో మందుపాతరల భయం. అందుకని జలపతి ఒక్కడే పోవాలి. పేర్లు చెరిపితే అడవివాళ్ళు ఊరుకోరు. చెరపకపోతే కాగితం కదలదు. దళాలు పలచబడ్డాయంటున్నారు గానీ, ఏ పొద్దు ఎవరు వచ్చి తలుపు కొడతారో ఎవరు చెప్పగలరు! వారమంతా ఆలోచించి ఆలోచించి జలపతి ఒక లెక్క వేసుకున్నాడు. పనివాడి లెక్క అది, ఎవరికీ చెప్పలేదు.

ఎనామిల్ రంగు మీద సున్నం నిలవాలంటే ముందు రంగును గీకాలి, ఆ పైన సున్నంలో తుమ్మబంక కలపాలి. గీకకుండా, బంక లేకుండా వేస్తే ఎండలో తెల్లగా మెరుస్తుంది, మొదటి వానకు జారిపోతుంది. వాన లోపల ఠాణా నుంచి కాగితం పోవాలి. ఆ తర్వాత పేర్లు మళ్ళీ తేలతాయి. అప్పటికి తను ఇక్కడ ఉండడు. గోడ తెల్లబడిందని ఎస్సైకి కబురందుతుంది, అడవివాళ్ళకు పేర్లు ఉంటాయి, దేవదాస్ ఉంటాడు. ఒక వారం పొడిగా ఉంటే చాలు.

ఎనిమిదిన్నర బస్సెక్కాడు. బకెట్టు, సున్నం మూట, తాటినార కుంచె కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. కండక్టరు ఎవరింటికని అడిగితే బడికి అన్నాడు.

బడికి సెలవులు. గోడ రోడ్డు వైపు ముఖం పెట్టి ఉంది. తొమ్మిదేళ్ళ ఎండకు ఎరుపు కొంచెం ఇటుక రంగుకు తిరిగింది గానీ అక్షరం చెక్కుచెదరలేదు. పేరు పక్కన ఊరు. వీర్నపల్లి సత్తయ్య. ఎల్లంతకుంట శంకరవ్వ. ఇంకో ఇద్దరు. అన్నిటి కిందా దేవదాస్, పక్కన ఈ ఊరి పేరే. ఇంత బాగా రాశానా అనుకున్నాడు జలపతి. కొంచెం గర్వపడ్డాడు కూడా, వెంటనే సిగ్గుపడ్డాడు.

సున్నం నానబెట్టి కలుపుతుంటే వెనక అలికిడయింది. లచ్చవ్వ, దేవదాస్ తల్లి. బడి వెనకే ఇల్లు. డెబ్బై దాటినా ఇంకా గుంటమగ్గం మీద తువ్వాళ్ళు నేస్తుంది. ఆమె గోడను చూసింది, బకెట్టును చూసింది.  బకెట్టు పక్కన గొంతుక్కూర్చుని, సున్నంలో వేలు ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి విడదీసి చూసింది. పడుగు నూలుకు గంజి పెట్టేవాళ్ళు జిగట చూసే తీరది. జీవితమంతా గంజి కాచిన చెయ్యి.

"బంక కలుపలే" అంది.

"మర్శిన అవ్వా."

"మంచిదే మర్శినవు" అంది లచ్చవ్వ. లేచి లోపలికిపోయి చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. జలపతి తాగాడు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. ఇన్నేళ్ళలో ఈ ఇంటికి ఒక్కసారైనా రాలేదు తను. ఎవరైనా చూస్తారనే భయం. 

రెండు పూతలకు గోడ తెల్లబడింది. దేవదాస్ పేరు మీద కుంచె తిప్పేటప్పుడు చెయ్యి తేలిక చేశాడు. పదిన్నర బస్సుకు తిరిగొస్తూ ఠాణా ముందు దిగి, పని అయిపోయిందని హెడ్డు కానిస్టేబులు ఆగయ్యకు చెప్పాడు. ఆగయ్య చేతిలో ఏదో రిజిస్టరుంది. సరే పో అన్నాడు తలెత్తకుండా. కాగితం ఎప్పుడు పోతుందని అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. అడిగితే ఏమవుతుందో, అడక్కపోతే ఏమవుతుందో తెలియని చోట తొమ్మిదేళ్ళు నిలబడి నిలబడి అతనికి అడగడం పోయింది.

ఇంట్లో రత్నమాల చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. అన్నం, పచ్చిపులుసు పెట్టింది. జలపతి చాలా రోజుల తర్వాత రెండోసారి వడ్డించుకున్నాడు. తిని, చేతులు కడుక్కుని, మంచం కింద నుంచి రేకు పెట్టె బయటికి లాగాడు.

ఆ పెట్టె పదమూడేళ్ళ కిందట తనకోసం కొనుక్కున్నది. అప్పటికి గోడ లేదు, సోమవారాలు లేవు, పోదామంటే పోగలిగే రోజులు. మూత మీద పసుపురంగుతో తన పేరు, కోరుట్ల, ఆ కింద సహార్ అని ఇంగ్లీషు అక్షరాల్లో తనే రాసుకున్నాడు. దిగే చోటు ఏదో తేలాక రాద్దామని కింది వరుస వదిలాడు. ఆ ఏడు రత్నమాలకు జబ్బు చేసి పయనం ఆగింది. మరుసటేడు షెడ్డు కాలింది. ఆ పైన గోడ వచ్చిపడింది. పెట్టెలో ఇప్పుడు తడిగుడ్డలో చుట్టిన తునికాకు ఉంది.

"రేపటిసంది ఆకు ఇంకోదాంట్ల పెట్టుకో" అన్నాడు.

రత్నమాల వేళ్ళు ఆగాయి. "కాయిదం పోయిందా?"

"పోతది."

ఆమె ముఖం విచ్చుకుంది. జలపతి దారాన్ని సుద్దపొడిలో దొర్లించి, పంటితో పట్టి, సహార్ కింద రెండు తెల్లగీతలు కొట్టాడు. వాటి మధ్య షార్జా వస్తుంది. రంగు పాస్‌పోర్టు చేతికొచ్చాకే. సహార్‌ను గీకి కొత్త పేరు రాయాలా అని కాసేపు చూశాడు. ఉండనీ అనుకున్నాడు. పదమూడేళ్ళు కాచుకున్న పేరు.

షెడ్డుకు పోయి బాలకిషన్ గలీబు ముందేసుకున్నాడు. మూడో వరుసలో చీటీలోని కొత్త పేరును కుదించి కుదించి పట్టించాడు. కింద మూలన, సన్నకుంచెతో, సహార్ అని చిన్నగా రాశాడు. బాలకిషన్ వచ్చి చూసి సంతోషపడ్డాడు.

"నీ చెయ్యి పడ్డది, ఇగ నాకు రంది లేదన్నా" అన్నాడు.

అతను సూట్‌కేసు ఎత్తుకుంటుండగా షెడ్డులో వెలుగు తగ్గింది. జలపతి తల బయటపెట్టి చూశాడు. మేడిపల్లి దిక్కున ఆకాశం నల్లబడి ఉంది. గాలి చల్లగా తగిలింది. బస్టాండులో జనం మిరుగు వచ్చిందని ముఖాలు పైకెత్తి నవ్వుతున్నారు. రైతులకు అది పండగే. 

ఒక్క వారం! ఒక్క వారం ఆగలేదు వాన! కాగితం ఇంకా ఎస్సై బల్ల మీదే ఉండి ఉంటుంది. ఈ సాయంత్రానికి పేర్లు తేలతాయి, రేపటికి కబురు ఠాణా చేరుతుంది. చెరపమంటే మోసం చేశాడంటారు. కాగితం పోదు, పాత కేసు కూడా కదులుతుంది. అతను నిలబడే పది నిమిషాలు ఆలోచించాడు. ఆ తర్వాత గీకుడు రేకు, తుమ్మబంక పొట్లం సంచిలో వేసుకున్నాడు. గీకితే వానకు భయం లేదు, రంగే ఉండదు. రేకు సంచిలో పడుతుంటే ఎవరి పేరు గీకడానికి పోతున్నాడో అతనికి తెలుసు. కుంచె బడి దగ్గర మర్చిపోయానని, పోయి తెస్తానని రత్నమాలకు చెప్పమని పక్క దుకాణంవాళ్ళకు చెప్పాడు.

బస్సు దిగేసరికి నాలుగున్నర. వాన ఇంకా పడలేదు గానీ దుమ్ము లేస్తోంది. బస్సు దగ్గర్నుంచి బడి దాకా పరుగులాంటి నడక నడిచాడు. ఎడమ చెయ్యి బరువెక్కింది. గోడ ముందు ఒక నిమిషం ఆగి ఊపిరి పీల్చుకుని, పైపేరు మీద రేకు పెట్టాడు. సున్నం రాలి, దాని కింద ఎరుపు పొట్టు పొట్టుగా లేచింది.

గీకే చప్పుడుకు లచ్చవ్వ వచ్చింది. రేకును చూసింది. సంచిలో బంక పొట్లాన్ని చూసింది. జలపతి చెయ్యి ఆగలేదు, ఆగితే మళ్ళీ సాగదని తెలుసు.

"కాయిదం ఇంకా పోలేదవ్వా" అన్నాడు, గోడకే చెప్తున్నట్టు. "వాన పడితే నాకు ఇగ ఏ తొవ్వ లేదు."

లచ్చవ్వ రాలిన ఎరుపు పొట్టును వేలితో తీసి చూసింది. పొద్దున మజ్జిగ ఇచ్చిన మనిషే. జలపతి తిట్టమని కోరుకున్నాడు, తిడితే తేలికయ్యేది.

"నీ బతుకు నీది కొడుకా. గీకుకో" అంది చివరికి. "గా ఒక్క పేరు ఆఖరికి గీకు."

అట్లా అని ఆమె పోలేదు. మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉంది. జలపతి సత్తయ్యను గీకాడు. శంకరవ్వను గీకాడు. తర్వాతి ఇద్దరినీ గీకాడు. ఒక్కొక్క అక్షరం రాసేటప్పుడు పట్టిన సేపే తీసేటప్పుడూ పట్టింది. కళ్ళల్లో సున్నం పడి నీళ్ళు కారుతున్నాయి. అవి సున్నానికి వచ్చినవి మాత్రమే కావు. నాలుగో పేరు పూర్తయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. మొదట పెద్దపెద్దవి, అక్కడొకటి ఇక్కడొకటి. తర్వాత ఒక్కసారిగా.

అయిదో పేరు ముందు వంగాడు. వాన సున్నాన్ని కడుగుతుంటే దేవదాస్ పేరు మెల్లగా బయటికొస్తోంది. మొదట 'ద' కింద తోక కనబడింది. జలపతి రేకు ఎత్తాడు. ఎడమ భుజంలో లాగుడు ఛాతీలోకి దిగింది. రేకును దించి, వాన కాస్త తగ్గనీ అనుకుని, చూరు కింద గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. అతని భుజం పక్కనే పేరుంది.

ఆ కాసేపట్లో అతను ఏం అనుకున్నాడో ఎవరికీ తెలియదు. గీకేవాడేనా? గీకేవాడే అనిపిస్తుంది నాకు, పాపం. అంత దూరం వచ్చినవాడు ఇంకో అడుగు వేయడా!

లచ్చవ్వ గోనెసంచి తెచ్చి అతని తల మీద కప్పింది. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకుంది. తనూ పక్కన కూర్చుంది. వాన వెలిసి, బడి ముందు నీళ్ళు పారి, కోరుట్ల పోయే బస్సు మలుపు దగ్గర హారను కొట్టింది.

"జలపతీ, లే. బస్సచ్చింది" అని భుజం తట్టింది.

అతను లేవలేదు. ఆమె అతని చేతిలోంచి రేకు తీసి తన కొంగున ముడేసుకుంది. అప్పటికి కోరుట్లలో బాలకిషన్ బస్సు కదిలి పది నిమిషాలయింది.

సోమవారం సంతకం పడలేదని హెడ్డు ఆగయ్య రిజిస్టరు పట్టుకుని ఇంటికి వచ్చాడు. దండ వేసిన ఫొటో చూసి టోపీ తీశాడు. చెప్పాలా వద్దా అని నసిగి, చెప్పేశాడు. కాగితం జలపతి సున్నం వేయడానికి పోయిన పొద్దున తొమ్మిది గంటల తపాలాకే పోయిందట. ఎస్సై ముందునాడే సంతకం పెట్టాడట. ఆ ఊరి గోడ చూసిరావడానికి ఇంతవరకూ ఎవరూ పోనేలేదట.

"గా మాట ఆయనకు చెప్తే ఏంబోయేది సారూ?" అంది రత్నమాల.

ఆగయ్య రిజిస్టరు తెరిచాడు. ఆ పొద్దున జలపతి ఠాణా మెట్ల మీద నిలబడినప్పుడు ఆ కాగితం పోయి రెండు గంటలయింది. అతను అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. రిజిస్టరులో జలపతి పేరు మీద అడ్డగీత కొట్టి ఆగయ్య వెళ్ళిపోయాడు.

పాస్‌పోర్టు ఇరవయ్యో రోజున రిజిస్టరు పోస్టులో వచ్చింది. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుంది. మనిషి లేడని తెలిసీ పోస్టుమాను ఆమె వేలిముద్ర తీసుకుని ఇచ్చిపోయాడు. అందులోని ఫొటోలో జలపతి మెడ ముందుకు చాపి, భయంగా, ఎవరో పిలిచినట్టు చూస్తున్నాడు. రత్నమాల దాన్ని తుడిచి, ఎక్కడ పెట్టాలో తోచక ఇల్లంతా తిరిగి, మంచం కింది పెట్టె లాగి అందులో పెట్టింది. ఆకు అప్పటికే ఇంకో డబ్బాలోకి మారింది, ఆయన చెప్పినట్టే. పెట్టె ఖాళీగా ఉంది. మూత మీద చెయ్యి పడకుండా జాగ్రత్తగా మూసింది.

మూత మీద సహార్ అనే మాట పసుపుగా మెరుస్తోంది. దాని కింద సుద్దపొడితో కొట్టిన రెండు గీతలు, మధ్యలో ఏమీ లేకుండా, ఇంకా అట్లాగే ఉన్నాయి.